సెలీనియం మాత్రలు థైరాయిడ్‌కి పనిచేస్తాయా?

కావలి నుంచి: అమ్మకి హషిమోటో థైరాయిడ్ (ఒంట్లోని రోగనిరోధక శక్తే థైరాయిడ్ గ్రంథిని దెబ్బతీసే జబ్బు), ఆ దాడికి గుర్తుగా రక్తంలో కనిపించే టీపీఓ యాంటీబాడీలు బాగా ఎక్కువ. పక్కింటి ఆంటీ చెప్పిందని 200 మైక్రోగ్రాముల సెలీనియం (ఒక ఖనిజం) మాత్రల డబ్బా తెప్పించుకుంది, ఇది వేసుకుంటే పరగడుపున వేసుకునే థైరాయిడ్ మాత్ర మానేయొచ్చంటోంది. నాకు టెన్షన్‌గా ఉంది. వాడినవాళ్లుంటే చెప్పండి.

ఒంగోలు నుంచి: థైరాయిడ్ మాత్ర మాత్రం ఆపనివ్వకండి అక్కా. థైరాయిడ్ హార్మోన్ టీ4ని ఒంట్లో చురుగ్గా పనిచేసే టీ3గా మార్చే ఎంజైములకి సెలీనియం కావాలి, అది నిజమే. కొన్ని పరిశోధనల్లో యాంటీబాడీలు తగ్గాయి కూడా. కానీ కాగితం మీద అంకె తగ్గినంత మాత్రాన గ్రంథి బాగుపడినట్టు కాదు, లోటున్న హార్మోన్‌ని సెలీనియం పూడ్చదు. గ్రేవ్స్ జబ్బుతో (థైరాయిడ్ ఎక్కువగా పనిచేసే జబ్బు) కళ్లు కొద్దిగా ఉబ్బినవాళ్లకి ఆరు నెలలు ఇస్తారు, అది వేరే సంగతి.

నెల్లూరు నుంచి: నేను వాడి దెబ్బతిన్నాను. సెలీనియం మాత్ర, అందులోనే సెలీనియం ఉన్న మల్టీవిటమిన్, పైగా సెలీనియం దండిగా ఉండే బ్రెజిల్ నట్స్ రోజూ నాలుగైదు. మూడో నెలకి దువ్వెన నిండా జుట్టు, గోళ్లు పెళుసెక్కి పొరలు పొరలుగా లేచిపోయాయి, నోట్లో ఎప్పుడూ ఇనుము నాకినట్టుండేది. థైరాయిడ్ వల్లే అనుకుని థైరాయిడ్ మాత్ర డోసు పెంచమని డాక్టర్‌ని అడిగాను! పెద్దవాళ్లకి సెలీనియం రోజుకి 55 మైక్రోగ్రాములు చాలు, యూరప్‌లో అన్నీ కలిపి 255 దాటొద్దంటారు. అమ్మగారి మిగతా డబ్బాల వెనక కూడా చదవండి. చేపలు, గుడ్లు తింటారా, వాటిలోనూ సెలీనియం ఉంటుంది? షుగర్ ఉందా? ఉంటే డాక్టర్‌ని అడగకుండా అసలు మొదలుపెట్టొద్దు.

కావలి నుంచి: షుగర్ ఉందండీ. డబ్బా బీరువాలో పెట్టేశాను, సోమవారం డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తున్నా.