లాగ్ లిస్ట్ దానంతట అదే కిందికి జరగాలా?

బెజవాడ_డెవ్: విన్‌ఫామ్స్ (డాట్‌నెట్‌లో విండోస్ తెరలు కట్టే పద్ధతి) అప్లికేషన్. లిస్ట్‌బాక్స్‌లో మెషిన్ లాగ్ (ఎప్పుడేం జరిగిందో చెప్పే లైన్లు) పడుతుంటుంది. ప్రతి లైన్‌కీ టాప్‌ఇండెక్స్‌ను (పైన కనపడే వరుస నంబర్‌ను) కౌంట్ (మొత్తం లైన్లు) మైనస్ 1కి మారుస్తున్నా, అంటే లిస్ట్‌ను అడుక్కి జరుపుతున్నా. పైకెళ్లి పాతవి చదవనివ్వట్లేదని యూజర్ గోల. ఏం చేయాలి?

పాతకాపు: ఏమీ చేయకు. లాగ్ అన్నాక కొత్తది కనపడాలి. వీబీ6 (పాత విజువల్ బేసిక్) రోజుల నుంచీ ఇదే ఒక్క లైన్ రాస్తున్నా, ఎవరూ ఏమీ అనలేదు.

నైట్‌షిఫ్ట్: అనేవాళ్లు మీదాకా రారు గురూగారూ, మా సపోర్ట్‌ వాళ్ల ప్రాణం తీస్తారు. ఎర్రర్ కోడ్ ఫోన్‌లో చదివి చెబుతుంటే సగంలోనే లిస్ట్ కిందికి దూకేది. చివరికి తెరను సెల్‌తో ఫొటో తీసుకుని చదివేవాళ్లం!

చిన్నా: సెలెక్టెడ్‌ఇండెక్స్ (ఎంచుకున్న వరుస నంబర్) మార్చినా జరుగుతుందిగా?

నైట్‌షిఫ్ట్: జరుగుతుంది, దాంతోపాటు సెలెక్షన్ మారిన ఈవెంట్ కూడా ప్రతిసారీ వస్తుంది. వద్దు.
బెజవాడా, లైన్ కలిపే ముందే చూడు. క్లయింట్‌సైజ్ ఎత్తును (లిస్ట్ లోపలి ఎత్తు) ఐటమ్‌హైట్‌తో (ఒక్కో వరుస ఎత్తు) భాగిస్తే కనపడే వరుసలు వస్తాయి. వాటికి టాప్‌ఇండెక్స్ కలిపితే కౌంట్‌కి సమానమో ఎక్కువో అయితే యూజర్ అడుగునే ఉన్నట్టు. అప్పుడే జరుపు. కలిపాక చూస్తే లెక్క తప్పుతుంది.

పాతకాపు: ఒక్క లైన్ పనికి ఇంత లెక్కా? జరగాలా వద్దా అని చెక్‌బాక్స్ పెట్టి పారెయ్.

డాట్‌నెట్_బాబు: డబ్ల్యూపీఎఫ్‌లో (డాట్‌నెట్‌లోనే తెరలు కట్టే ఇంకో పద్ధతి) స్క్రోల్‌ఇంటూవ్యూ ఉంది, ఇచ్చిన ఐటమ్ కనపడేలా జరుపుతుంది. ఒకే టెక్స్ట్‌తో రెండు స్ట్రింగులుంటే మొదటిదాని దగ్గరికి పోతుంది, జాగ్రత్త.

చిన్నా: ఆయన అడిగింది విన్‌ఫామ్స్ సామీ.

నైట్‌షిఫ్ట్: ఒక్క లైన్, ఒక్క లైన్! మీకు లైన్ల లెక్కే గానీ చదివేవాడి బాధ పట్టదు.

పాతకాపు: మాటలు జాగ్రత్త. నేను రాసింది షాప్ ఫ్లోర్‌లో గోడ మీది తెరకి. దానికి మౌసే లేదు. ఓసారి ఎవరో స్క్రోల్ ఆపేస్తే, మెషిన్ ఆగిందనుకుని సూపర్‌వైజర్ అర్ధరాత్రి నన్ను లేపాడు. అందరి ముందూ మాట పడ్డాను.

నైట్‌షిఫ్ట్: ఆ ముక్క మొదటే చెప్పొచ్చుగా! మౌస్ లేని తెర అయితే నేనూ అదే రాస్తా. నేను చెప్పేది కుర్చీలో కూర్చుని చదివేవాడి గురించి.

బెజవాడ_డెవ్: మా దగ్గర రెండూ ఉన్నాయి. ఒకే పీసీ, గోడ మీది తెర దానికే డూప్లికేట్.

పాతకాపు: అందుకే చెక్‌బాక్స్ అన్నా.

నైట్‌షిఫ్ట్: ఆపరేటర్ టిక్ తీసేసి ఇంటికెళ్లిపోతే? మళ్లీ మిమ్మల్నే లేపుతారు.