సంక్రాంతి సెలవుల్లో హైదరాబాద్: తలకి 300తో రోజంతా గడుస్తుందా?

నలుగురం, తిండితో కలిపి తలకి 300 రూపాయలు. పొద్దున్నే గోల్కొండ, ఎండెక్కకముందే బాలాహిస్సార్ (కోట పైభాగం) మెట్లు ఎక్కేయాలి, నీళ్లు కిందే నింపుకోవాలి. మధ్యాహ్నం 12కి సాలార్‌జంగ్ మ్యూజియంలో గడియారం బొమ్మ పన్నెండు దెబ్బలు కొట్టడం చూడాలి. ఆలస్యమైతే ఒంటిగంటకి ఒక్కటే దెబ్బ, చప్పగా ఉంటుంది. శుక్రవారం మ్యూజియం మూత, కాబట్టి ఆ రోజు వద్దు. సాయంత్రం నాంపల్లి నుమాయిష్ (ఎగ్జిబిషన్).

ఇద్దరమ్మాయిలకి మహాలక్ష్మి పథకంలో సిటీ బస్సు ఉచితం (తెలంగాణ అడ్రసున్న ఆధార్ చూపాలి), అందుకే మెట్రో వద్దనుకున్నాం.

గోల్కొండ నుంచి సాలార్‌జంగ్‌కి నేరుగా బస్సుందా, మెహదీపట్నంలో మారాలా? పదిన్నరకి కోట దిగితే 12కి అందుతామా? నుమాయిష్‌లో 60 రూపాయల్లో కడుపు నిండేదేంటి? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.