అప్‌డేట్: జీర్ణాశయం తనను తాను ఎందుకు అరిగించుకోదు?

మాంసాన్నే కరిగించే ఆమ్లం జీర్ణాశయం గోడను ఎలా వదిలేస్తుందని అడిగాను కదా. మీ జవాబులు చదివాక ఇంకాస్త వెతికాను. జిగురు పొర కాపాడుతుందని చాలామంది చెప్పారు, నిజమే. కానీ అసలు పని చేసేది ఆ జిగురులో చేరే బైకార్బొనేట్, అంటే ఆమ్లాన్ని విరిచేసే క్షార పదార్థం. లోపల పీహెచ్ (ఆమ్లత కొలత; ఎంత తక్కువైతే అంత ఘాటు ఆమ్లం, 7 అంటే తటస్థం) 1-2 ఉన్నా, గోడ కణాల దగ్గరికొచ్చేసరికి దాదాపు 7. మిల్లీమీటరు కూడా లేని మందంలో ఇంత తేడా! పైగా గోడ మీది కణాలు కొద్ది రోజులకోసారి మారిపోయి కొత్తవి వస్తుంటాయి.

నొప్పి మాత్రలు జీర్ణాశయానికి ఎలా హాని చేస్తాయని అడిగినవారికి: ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ లాంటివి ప్రోస్టాగ్లాండిన్లు అనే, మన ఒంట్లోనే తయారయ్యే రసాయనాల తయారీని తగ్గిస్తాయి. జిగురు, బైకార్బొనేట్, గోడకు అందే రక్తం, ఈ మూడూ తగ్గకుండా చూసేవి ఆ ప్రోస్టాగ్లాండిన్లే. మందు రక్తంలో కలిశాక కూడా ఈ ప్రభావం ఉంటుంది కాబట్టి, తిన్నాక వేసుకున్నంత మాత్రాన ముప్పు పూర్తిగా తప్పదు. రోజూ వాడేవాళ్లు సొంతంగా ఆపేయకుండా డాక్టర్‌ని అడగండి, దయచేసి.