అప్‌డేట్: లంచ్ టైమ్‌లో ఆఫీసు నెట్‌వర్క్ ఆగిపోవడం - కారణం దొరికింది

పోయిన నెల ఇక్కడే అడిగాను: అమీర్‌పేటలో మా చిన్న ఆఫీసు, 24 పోర్టుల (కేబుల్ పెట్టే చోట్ల) గిగాబిట్ స్విచ్ (ఆఫీసు కంప్యూటర్లను కేబుళ్లతో కలిపే పెట్టె), లంచ్ టైమ్‌లో నెట్‌వర్క్ మొత్తం స్తంభించిపోతోంది, స్విచ్ ఆపి మళ్లీ ఆన్ చేస్తే కాసేపు బాగుంటోంది అని. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

పోర్టులవారీగా పాజ్ ఫ్రేముల (కాసేపు డేటా పంపొద్దని అవతలి పరికరానికి చెప్పే చిన్న సందేశాలు) లెక్క చూడమని చెప్పిన అన్న మాటే నిజమైంది. మా అకౌంటెంట్ గారు లాప్‌టాప్ మూసి భోజనానికి లేవగానే, ఆయన టేబుల్ మీది డాక్ (లాప్‌టాప్‌ని నెట్‌వర్క్ కేబుల్‌కి కలిపే పరికరం) స్విచ్‌కి "ఆగు, ఆగు" అంటూ ఆపకుండా పాజ్ ఫ్రేములు పంపుతోంది. ఒక్కో ఫ్రేము గిగాబిట్ లింకును గరిష్ఠంగా 33 మిల్లీసెకన్ల దాకా ఆపుతుంది. వరసగా వస్తుంటే ఆ పోర్టు ఇక కదలదు. ఆ లాప్‌టాప్‌కి ఎవరూ ఏమీ పంపకపోయినా బ్రాడ్‌కాస్ట్ ప్యాకెట్లు (అందరికీ కలిపి పంపే డేటా ముక్కలు) అన్ని పోర్టులకూ వెళ్తాయి కదా, అవే స్విచ్ బఫర్‌లో (పంపాల్సిన డేటా వేచి ఉండే మెమరీలో) పేరుకుపోయాయి. మా స్విచ్‌లో బఫర్ అన్ని పోర్టులకూ ఉమ్మడి. అది నిండాక స్విచ్ కూడా మిగతావాళ్లందరినీ ఆగమంది. పంజాగుట్టలో ఒక్క బస్సు చెడిపోతే ఎర్రగడ్డ దాకా జామ్ అయినట్టు!

అన్ని పోర్టుల్లో ఫ్లో కంట్రోల్ (ఈ పాజ్ ఫ్రేముల పద్ధతి) ఆపేశాను, డాక్ ఫర్మ్‌వేర్ మార్చాను. పది రోజులైంది, ఒక్క ఫిర్యాదూ లేదు. బఫర్ నిండితే ప్యాకెట్లు పోతాయి, పోనీ, టీసీపీ (డేటా చేరిందో లేదో చూసుకునే నెట్‌వర్క్ పద్ధతి) మళ్లీ పంపుకుంటుంది.

కేబుళ్లు మార్చడం, లూప్ (కేబుల్ తిరిగి అదే నెట్‌వర్క్‌కి చుట్టుకుని కలవడం) కోసం వెతకడం దండగే అయింది. వైర్‌షార్క్‌లోనూ (కంప్యూటర్‌కి వచ్చే ప్యాకెట్లను చూపించే సాఫ్ట్‌వేర్) ఏమీ దొరకలేదు. పాజ్ ఫ్రేములను సాధారణంగా నెట్‌వర్క్ కార్డే మింగేస్తుందట. నెట్ కంపెనీ వాళ్లని అనవసరంగా తిట్టాను, పాపం.