దమ్ము మధ్యలో ఆగిపోయి మళ్లీ స్టార్ట్ కాని పాత ట్రాక్టర్: డీజిల్ పంపు విప్పించాలా?

ప్రశ్న (చీపురుపల్లి దగ్గరి పల్లె నుంచి)

పెద్దలకు నమస్కారం. మా ఇంట్లో 1998లో కొన్న మూడు సిలిండర్ల, 35 హార్స్‌పవర్ ట్రాక్టర్ ఉంది. మినుములు ఇంటికి చేరిన తరువాత దానితో పని లేక, రెండున్నర నెలల పాటు పశువుల సాల పక్కన రేకుల కింద ఉంచాము. ఇప్పుడు ఉభాలకు, అంటే వరి నాట్లకు, దమ్ము చేద్దామని తీస్తే, సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజన్ చురుగ్గానే తిరుగుతున్నది గాని అంటుకోవడం లేదు. సైలెన్సర్ నుంచి పొగ పిసరంత కూడా రాలేదు. టాంకు మూత తీసి, పుల్ల పెట్టి డీజిల్ ఉన్నదని చూసుకొని, డీజిల్ ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి, పైపుల్లో చిక్కిన గాలి తీస్తే స్టార్ట్ అయింది. అయితే టాంకు నిండా పోయించిన ఆ మొదటి రోజున అరగంటకే మడి మధ్యలో ఆగిపోయింది. మళ్లీ అలాగే పుల్ల పెట్టి చూసి, గాలి తీశాక నడిచింది. టాంకు సగానికి వచ్చిన మర్నాడు గంటన్నర నడిచి ఆగింది. ఫిల్టర్లు రెండూ మార్చినా తేడా లేదు. డీజిల్ పంపు అరిగిపోయిందని, విప్పి పట్నం పంపాలని మెకానిక్ అంటున్నాడు. నారుకు పాతిక రోజులు దాటాయి, అందుకే తొందర. పంపు విప్పించడం తప్పదా?

జవాబు 1 (బొబ్బిలి)

పొగ రాలేదన్న మీ మాటతోనే సగం సంగతి తేలింది. డీజిల్ సిలిండర్లలోకి చేరి మండకపోతే తెల్లటి పొగ వస్తుంది. అసలు పొగే లేదంటే డీజిల్ అక్కడిదాకా చేరడం లేదన్నమాట. కాబట్టి బ్యాటరీ, కంప్రెషన్ గురించి ఇప్పుడు ఆలోచించనవసరం లేదు. ముందుగా ఇంజన్ ఆపే గుండీ పూర్తిగా వెనక్కు వెళ్లిందో లేదో, పంపు దగ్గర దాని తీగ చివర ఉన్న లివర్ కదులుతున్నదో లేదో చూడండి. ఎండాకాలమంతా నిలబెట్టిన బండిలో ఆ తీగ తుప్పుపట్టి బిగుసుకుపోవడం మామూలే.

గాలి తీయడం కూడా వరుసగా జరగాలి. మొదటి ఫిల్టర్, రెండవ ఫిల్టర్, ఆ తరువాత డీజిల్ పంపు మీది స్క్రూ, చివరకు సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్ల పైపుల నట్లు; ఒక్కొక్క చోట బుడగలు ఆగి డీజిల్ నిండుగా వచ్చేదాకా ఉండి, బిగించి, తరువాతి దానికి వెళ్లాలి. సెల్ఫ్ ఒక్కసారికి పది సెకన్లకు మించి కొట్టకుండా, మధ్యలో ఒక నిమిషం ఆగండి. నాజిళ్ల దగ్గర చెయ్యి అడ్డం పెట్టి చూడడం మాత్రం ఎవరూ చేయకూడదు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మాన్ని చీల్చుకొని లోపలికి వెళుతుంది. గాలి ఫిల్టర్ దగ్గర పెట్రోలు గుడ్డ పెట్టే అలవాటు కొందరికి ఉంది, అది కూడా వద్దు.

జవాబు 2 (నరసన్నపేట, ముప్పై ఏళ్లుగా ట్రాక్టర్ మరమ్మతు చేస్తున్నాను)

పైన చెప్పినదంతా సరైనదే గాని, మీ బండి జబ్బు మీరు రాసిన దానిలోనే ఉంది. అరిగిన పంపుకు టాంకులో డీజిల్ ఎంత ఉన్నదో పట్టదు. పైపు ఎక్కడో గాలి పీలుస్తున్నదంటే టాంకు ఖాళీ అవుతున్న కొద్దీ బాధ పెరగాలి. మీకు అందుకు తిరగబడి, నిండుగా ఉన్న రోజునే తొందరగా ఆగింది. పైగా ప్రతిసారీ గాలి తీసే ముందు మూత తీసి పుల్ల పెట్టానని మీరే రాశారు. నేనైతే ఆ మూతనే అనుమానిస్తాను.

టాంకు మూతకు సన్నని గాలి రంధ్రం ఉంటుంది. డీజిల్ ఎంత ఖర్చయితే అంత గాలి దాని గుండా లోపలికి రావాలి. అది పూడుకుపోతే టాంకులో ఒత్తిడి తగ్గిపోయి, కొంతసేపటికి ఫీడ్ పంపు (టాంకు నుంచి డీజిల్ లాగి ఫిల్టర్లకు పంపే చిన్న పంపు) డీజిల్‌ను లాగలేకపోతుంది. ఆ లాగుడుకు సందు దొరికిన ప్రతి జాయింటు నుంచీ గాలి దూరుతుంది. నిండు టాంకులో డీజిల్ పైన ఖాళీ చాలా తక్కువ కనుక రెండు లీటర్లు ఖర్చయ్యేసరికే ఒత్తిడి పడిపోతుంది. సగం టాంకులో ఖాళీ ఎక్కువ కనుక ఎక్కువసేపు నడుస్తుంది. ఈసారి ఆగినప్పుడు స్పానర్ ముట్టుకోకుండా, మూత మెల్లగా తిప్పి, గాలి లోపలికి లాక్కునే శబ్దం వస్తుందేమో చెవి పెట్టి వినండి. అప్పటికీ తేలకపోతే, శుభ్రమైన డబ్బాను ఎత్తున వేలాడదీసి, పారదర్శకమైన పైపుతో ఫీడ్ పంపుకు నేరుగా డీజిల్ ఇచ్చి నడపండి. డబ్బాతో ఆగకుండా నడిచిందంటే డీజిల్ పంపులో దోషం లేదు. అంతదాకా పంపును కదిలించకండి.

జవాబు 3 (పార్వతీపురం)

మా బండికి ఇదే మాదిరి జరిగినప్పుడు, టాంకు అడుగున కుళాయి మూతి దగ్గర గుడ్డపీలిక అడ్డం పడి ఉంది. మూతతో తేలకపోతే టాంకు పూర్తిగా దింపి కడిగించండి.

ప్రశ్న అడిగినవారు

నరసన్నపేట అన్నగారికి కృతజ్ఞతలు. ఈ ఉదయం ముప్పావు గంటకు ఇంజన్ ఆగగానే మూత తిప్పితే, సుయ్‌మని గాలి లోపలికి లాక్కున్న శబ్దం పక్క గట్టు మీద ఉన్న మా నాన్నగారికి కూడా వినిపించింది. మూత పైభాగంలో కందిరీగ మట్టి పెట్టి రంధ్రాన్ని పూర్తిగా మూసేసింది. నీళ్లతో నానబెట్టి మట్టి తీసి, సన్నని తీగతో రంధ్రం సరిచేసి, మూత బాగా ఆరిన తరువాత బిగించి, మరొక్కసారి గాలి తీసి స్టార్ట్ చేశాము. నాలుగు గంటలు ఆగకుండా దమ్ము చేసింది. ఫీడ్ పంపు దగ్గరి బోల్టు కింద మాత్రం డీజిల్ కొంచెం చెమరుస్తున్నది. అక్కడి రాగి వాషర్‌ను కాల్చి మళ్లీ వేయవచ్చునా, కొత్తదే కావాలా?

జవాబు 2 (నరసన్నపేట)

ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే రాగి మెత్తబడుతుంది, ఉభాలు అయ్యేదాకా దానితో నెట్టుకురావచ్చు. తరువాత పాత వాషర్‌నే కొలతకు పట్టుకువెళ్లి కొత్తవి రెండు కొనండి. బోల్టు తల కింద ఒకటి, జాయింటు కింద ఒకటి పడతాయి.