ఎడమ కోరపన్ను దగ్గర చిగురు పైకి పోయింది, ఇక్కడితో ఆగాలంటే ఏం చేయాలి?

తణుకు_టైలరమ్మ

నమస్కారమండీ. నాకు 43 ఏళ్ళు, తణుకులో బ్లౌజులు కుడతాను. పై వరసలో ఎడమవైపు కోరపన్ను, దాని వెనక పన్ను, ఈ రెండింటి దగ్గర చిగురు పైకి పోయింది. కోరపన్ను పక్కవాటికంటే పొడుగ్గా కనిపిస్తోంది, పన్ను మొదలు దగ్గర పసుపు రంగు తేలింది. అక్కడ గోరు పెడితే చిన్న గాడి తగులుతుంది. ఫ్రిజ్ నీళ్ళు తాగితే జివ్వున లాగుతుంది. మామూలప్పుడు నొప్పి లేదు, రక్తం కూడా రావడం లేదు.

ఇక్కడి పళ్ళ డాక్టరు క్లీనింగ్ చేయించుకోమన్నారు, తర్వాత కావాలంటే గ్రాఫ్ట్ అన్నారు. అదేమిటని అడిగేలోపు తర్వాతి పేషెంట్‌ని పిలిచేశారు. ఇంటికొస్తే మా అత్తగారు, "క్లీనింగ్ చేయించుకున్నాకే మా అక్క పళ్ళన్నీ కదిలాయి, వద్దు" అంటారు. మా ఆయన చిగుళ్ళు మళ్ళీ పెరుగుతాయని ఏదో నూనె ఆర్డర్ పెట్టేశారు.

నిజంగా మళ్ళీ పెరుగుతుందా? క్లీనింగ్ చేయించుకోవచ్చా? అన్నిటికంటే ముఖ్యంగా, ఇది ఆగిందో ఇంకా పోతోందో తెలిసేదెలా? రోజంతా మెడలో టేపు వేసుకుని తిరిగేదాన్ని, దీనికి ఒక కొలతంటూ ఉండదా?

పాత_పద్ధతి

అమ్మా, టెన్షన్ పడకండి. రోజూ పొద్దున నువ్వులనూనె పుక్కిలించండి, వారానికోసారి ఉప్పు, పసుపు కలిపి వేలితో బాగా రుద్దండి. మా తాతగారు ఇటుకపొడితో తోముకునేవారు, 80 ఏళ్ళు వచ్చినా చెరకు కొరికేవారు. ఈ క్లీనింగులన్నీ వాళ్ళ బిజినెస్.

పెరియో_గుంటూరు

నేను చిగుళ్ళ డాక్టర్ని, ఎండీఎస్ పెరియో. నోరు చూడకుండా మందు చెప్పను కానీ మీరు వివరంగా రాశారు కాబట్టి కొంత చెప్పొచ్చు.

ముందు పై పోస్టు గురించి. నూనె పుక్కిలిస్తే నష్టం లేదు, కానీ చిగురు పెరగదు. ఉప్పుతో, ఇటుకపొడితో రుద్దడం మాత్రం మీకు అస్సలు వద్దు. చిగురు పోయినచోట బయటపడేది పంటి వేరు. అది పంటి గట్టి పైపొర ఎనామిల్‌కంటే చాలా మెత్తన, ఇట్టే అరుగుతుంది. తాతగారికి చిగుళ్ళు మందంగా ఉండి ఉంటాయి, అదృష్టవంతులు.

పోయిన చిగురు తనంతట తాను తిరిగి రాదు. జెల్లుతోగానీ పొడితోగానీ రాదు. అలాగని పన్ను ఊడిపోతుందనీ కాదు. ఉన్నచోట ఆగితే ఏళ్ళ తరబడి ఏమీ కాదు. అయితే అది ఎందుకు పోయిందో తేలకుండా ఆపడం కుదరదు. ఎక్కువమందిలో రెండు కారణాలు చూస్తాం. ఒకటి రాపిడి: పలచటి చిగురు, గట్టి బ్రష్, అడ్డంగా రుద్దడం. రెండోది జబ్బు: పాచి గట్టిపడి గార అవుతుంది, దానివల్ల చిగురు వాచి లోపల ఎముక కరుగుతుంది, ఎముక పోయినచోట చిగురూ నిలవదు. మీకు ఒక్కవైపే ఉంది, గాడి పడింది, రక్తం లేదు అంటున్నారు కాబట్టి రాపిడే అనిపిస్తోంది. కుడిచేతి వాటం వాళ్ళకి ఎడమ కోరపన్ను దగ్గర ఇలా కావడం మామూలే.

కానీ రక్తం రావట్లేదని ధీమా పడకూడదు. నేను విశాఖలో చదువుకునేటప్పుడు ఉత్తరాంధ్ర పల్లెల నుంచి అడ్డపొగ తాగే ముసలమ్మలు వచ్చేవారు, నిప్పు నోట్లోపల పెట్టి చుట్ట కాల్చేవాళ్ళు. పొగాకు వల్ల చిగుళ్ళలో రక్తనాళాలు కుంచించుకుపోతాయి. అందుకని బ్రష్ చేస్తే ఒక్క చుక్క రాదు, లోపల చూస్తే 7 మి.మీ. లోతు! సిగరెట్ తాగేవాళ్ళదీ అదే కథ.

కొలత లేకేం, ఉంది. ప్రోబ్ అని మొన మొద్దుగా ఉన్న సన్నటి పుల్ల, దాని మీద మిల్లీమీటర్ల గీతలుంటాయి. పంటి చుట్టూ ఆరుచోట్ల పెట్టి చూస్తాం. రెండు అంకెలు కావాలి. ఎనామిల్ అంచు నుంచి చిగురు అంచుదాకా ఎంత జారిందన్నది మొదటిది. చిగురు అంచు నుంచి లోపలికి సందు ఎంత లోతుందన్నది రెండోది, 3 దాకా అయితే మామూలే. జారింది 3, లోతు 2 అయితే ఆ పంటికి మొత్తం 5 మి.మీ. పట్టు పోయినట్టు లెక్క. లోతు ఒక్కటే చూసి "రెండేగా" అనుకుంటే తప్పు. ఈ అంకెలు రాసిన కాగితానికి జిరాక్స్ అడిగి తీసుకోండి, ఏడాదికి మళ్ళీ కొలిపించి పక్కపక్కన పెట్టి చూడండి. సెల్‌ఫోన్ ఫొటోలతో ఇది తేలదు, పెదవి కాస్త ఎక్కువ లాగినా మారిపోయినట్టే కనిపిస్తుంది.

అత్తగారి అనుమానం నాకు రోజూ వినిపించేదే. ఎముక పోయి వదులైన పళ్ళని కూడా గార ఒకదానికొకటి పట్టి ఉంచుతుంది. అది తీసేశాక పళ్ళు కదలడం బయటపడుతుంది. పైగా వాపు తగ్గితే చిగురు ఇంకొంచెం పైకి పోయినట్టు, సందులు వచ్చినట్టు కనిపిస్తుంది. నింద క్లీనింగ్ మీద పడుతుంది.

బ్రష్ సాఫ్ట్‌ది కొనండి. పిడికిలి బిగించొద్దు, వేళ్ళతో పట్టుకోండి. పోచల్ని చిగురు అంచున 45 డిగ్రీల వాలుగా ఆనించి, ఉన్నచోటే చిన్నగా కదిపి, పంటి కొస వైపు దొర్లించండి. కొత్త బ్రష్ పోచలు నెల తిరక్కుండానే విచ్చుకుంటే బలం ఎక్కువవుతోందన్నమాట. ఇంకోమాట, జివ్వుమంటుందని భయపడి కొందరు ఆ పన్ను వదిలేసి తోముతారు. అప్పుడు అక్కడ పాచి చేరి, రాపిడితో పోయినచోటే జబ్బు కూడా మొదలవుతుంది.

జివ్వుమనడానికి పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్ట్ వాడండి, గుణం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. బయటపడ్డ వేరు త్వరగా పుచ్చుతుంది కాబట్టి పేస్టులో ఫ్లోరైడ్ కూడా ఉండాలి.

అన్నట్టు, దారం పళ్ళతో తెంపుతారా? చిగురుకి సంబంధం లేదుగానీ ముందు పళ్ళ అంచులు గాట్లు పడతాయి, కత్తెర వాడండి.

కరీంనగర్_అన్న

డాక్టర్ సాబ్ చెప్పిన రెండో రకం నాది. కింద ముందు పళ్ళ దగ్గర చిగురు పోయింది, బ్రష్ చేస్తే వాష్‌బేసిన్ ఎర్రగా అయ్యేది. డాక్టర్ నోరు చూడగానే పళ్ళ సంగతి పక్కనపెట్టి "షుగర్ ఎంత?" అని అడిగిండు. మూడు నెలల సరాసరి చెప్పే హెచ్‌బీఏ1సీ రాసిండు, 9 దాటింది. షుగర్ ఎక్కువుంటే చిగుళ్ళ జబ్బు ముదురుతుందట, చిగుళ్ళల్ల చీముంటే షుగర్ కంట్రోల్‌కు రాదట. రెండూ ఒకేసారి పట్టించుకోవాలె.

నాకు చిగురు లోపల వేర్ల దాకా క్లీనింగ్ చేసిండ్రు, మొద్దుబారే ఇంజక్షన్ ఇచ్చి ఒక్కోసారి నోట్లో ఒక్కో పక్క. పుక్కిలించే క్లోర్‌హెక్సిడిన్ రెండు వారాలకే రాసిండ్రు. ఎక్కువ రోజులు వాడితే పళ్ళకు గోధుమరంగు మరకలు పడతయట, నాలుకకు రుచి కూడా తేడా వస్తదట.

సందులున్నోళ్ళు దారం ఫ్లాస్‌తో కుస్తీ పట్టకుండా ఇంటర్‌డెంటల్ బ్రష్ వాడండి. సీసాలు కడిగే బ్రష్ ఉంటది కదా, దాన్నే అగ్గిపుల్లంత చేస్తే ఎట్లుంటదో అట్లుంటది. సైజు మెడికల్ షాపులో అడిగి తీసుకోకండి, డాక్టర్‌తోనే పెట్టించి చూసుకోండి. నాకు ఒక సందుకు ఒక సైజు, ఇంకో సందుకు ఇంకోటి. ఖర్చుకు భయపడేటోళ్ళు హైదరాబాద్ అఫ్జల్‌గంజ్ గవర్నమెంట్ డెంటల్ కాలేజీకి పోండి, అక్కడ చిగుళ్ళకు వేరే డిపార్ట్‌మెంటే ఉంది. పొద్దుగాల్నే పోవాలె.

తణుకు_టైలరమ్మ

డాక్టరు గారూ, అన్నయ్యగారూ, థ్యాంక్సండీ. వేరే డాక్టరమ్మ దగ్గర కొలిపించుకుని వచ్చాను. ఆవిడ పుల్ల పెట్టి "రెండు, రెండు, మూడు" అని చెబుతుంటే పక్కనున్న అమ్మాయి రాసింది, మా కొట్లో కొలతలు రాసుకున్నట్టే. కోరపన్ను జారింది 3, లోతు 2. దాని వెనకది జారింది 2, లోతు 2. కుడివైపు చివరి దవడపన్ను వెనక ఒకచోట లోతు 4 వచ్చింది, అక్కడ రక్తం కూడా వచ్చింది. నేను ఇన్నాళ్ళూ ఎడమవైపే అద్దంలో చూసుకుంటున్నాను, అటువైపు అనుమానమే లేదు.

తర్వాత చేతికి అద్దం, బ్రష్ ఇచ్చి తోమి చూపించమన్నారు. ఎడమవైపుకి రాగానే నా మోచెయ్యి భుజం ఎత్తుకి లేచింది. "ముందు ఆ మోచెయ్యి దించండి" అన్నారావిడ. మోచెయ్యి ఒంటికి ఆనించి తోమితే బలం పెట్టాలన్నా పెట్టలేకపోతున్నాను, ఎవరైనా ప్రయత్నించి చూడండి. క్లీనింగ్ అయింది, పళ్ళేమీ కదల్లేదు, అత్తగారు రోజూ అడిగి కనుక్కుంటున్నారు.

గ్రాఫ్ట్ అంటే అంగిలి నుంచి చిన్న ముక్క తీసి చిగురు పోయినచోట కుట్టడమట. పళ్ళ మధ్య చిగురు తగ్గలేదు కాబట్టి అది చేస్తే వేరు బాగానే కప్పుకుంటుందట, కానీ ఇప్పుడే తొందర లేదన్నారు. చేయించుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

జెర్సీ_కోడలు

నేను చేయించుకున్నాను, కింది ముందు పన్నుకి. చిన్నప్పుడు క్లిప్పులు పెట్టినప్పుడు ఆ పన్ను కొంచెం బయటికి జరిగింది, అక్కడ చిగురు మరీ పలచన. ప్రతి కొలతకీ పెరుగుతూ వచ్చిందని సరే అన్నాను. అంగిలి నుంచి చిన్న ముక్క తీసి అక్కడ కుట్టారు. పన్ను దగ్గర అంత బాధ లేదుగానీ, తీసినచోట వేడి వేడి పిజ్జా తిని కాల్చుకున్నట్టు మండింది. మెత్తటి పెరుగన్నం, చల్లారిన పప్పు తిన్నాను, కారం జోలికి పోలేదు. ఆ పన్ను దగ్గర డాక్టరు చెప్పేదాకా బ్రష్ పెట్టకూడదు. ఇప్పుడు బాగుంది. మీ కొలతలు మారకపోతే మాత్రం నేనైతే చేయించుకోను.

నల్గొండ_రైతుబిడ్డ

డాక్టర్ గారూ, ఫ్లోరైడ్ పేస్ట్ అన్నారు. మాది నల్గొండ జిల్లా, ఫ్లోరైడ్ నీళ్ళతోనే పళ్ళు పాడైనవాళ్ళం. మళ్ళీ అదే పేస్టా?

పెరియో_గుంటూరు

మంచి ప్రశ్న. మీ పళ్ళ మీది మరకలు చిన్నప్పుడు, పళ్ళు చిగుళ్ళ లోపల తయారవుతున్నప్పుడు తాగిన నీళ్ళ వల్ల వచ్చినవి. పెద్దయ్యాక పైపైన పూసి ఉమ్మేసే పేస్ట్‌తో అవి రావు, ఉన్నవి పెరగవు. బఠాణీ గింజంత పేస్ట్ చాలు, మింగకండి. ఇంట్లో ఆరేళ్ళలోపు పిల్లలుంటే వాళ్ళు మింగేస్తారు కాబట్టి ఇంకా తక్కువ పెట్టి పక్కనే నిలబడండి.

టైలరమ్మగారూ, ఆ దవడపన్ను వెనక 4 ఉందన్నారే, దాన్ని మూడు నెలల్లో మళ్ళీ చూపించండి. నాకు మీ కోరపన్ను కంటే దాని మీదే దృష్టి ఎక్కువ.