ఎండలో చేసిన పడవ నీళ్లలో ఉబ్బి పగిలింది, ఈసారి తెరచాప పడవకు ఏం మార్చాలి?

సంగమేశ్వరం_దారి

అన్నలందరికీ నమస్కారం. మాది నందికొట్కూరు పక్క పల్లె, జిల్లాలు మారాక నంద్యాల కిందికి పోయాం గాని ఇప్పటికీ కర్నూలోళ్లమనే చెప్పుకుంటాం. నాన్న వడ్రంగి. తలుపులు, కిటికీలు, మంచాలు, అంతకుముందు ఎద్దులబండి చక్రాలు చేసేవాడు.

పోయిన ఏప్రిల్‌లో ఇద్దరం కలిసి 10 అడుగుల చిన్న పడవ చేశాం, తెడ్డుతో నడిపేది. టేకు పలకలు ముప్పావు అంగుళం మందం, లోపల వంపు కొయ్యలు నల్లతుమ్మవి. నాన్న కూర్చిన పలకల మధ్య పోస్టుకార్డు కూడా దూరేది కాదు, అంత బిగువు. అది చాలదన్నట్టు రంపపు పొట్టులో జిగురు కలిపి సందులన్నీ గట్టిగా నింపేశాం. ఐదు నెలలు ఇంటి ముందు వేపచెట్టు కింద బోర్లించి పెట్టాం. సెప్టెంబర్‌లో శ్రీశైలం డ్యాం నిండి నీళ్లు మా వైపుకొచ్చాక ట్రాక్టర్లో తీసుకుపోయి దించితే మొదటి రోజు లోపలికి చుక్క నీరు రాలేదు. మూడో రోజు పొద్దున పోయి చూస్తే అడుగున నడిమి పలకలు రెండు పైకి లేచి ఉన్నాయి, మేకుల తలలు బయటికొచ్చేశాయి, ఒక తుమ్మ కొయ్య నిలువునా పగిలింది. దేనికీ గుద్దుకోలేదు, గట్టుకు కట్టేసి ఉంది అంతే. నాన్న ఒక్క మాట మాట్లాడలేదు, లేచిన పలక మీద చెయ్యి పెట్టి చాలాసేపు కూర్చున్నాడు. ఆయన బిగించింది విడిపోవడం నేను పుట్టాక అదే మొదటిసారి.

మళ్లీ చేయాలని ఉంది, ఈసారి 14 అడుగులు, తెరచాపతో, ఇంజను లేకుండా. అసలు అలా ఎందుకైంది? అడుగు చదునుగా ఉండాలా గుండ్రంగానా? నేవీ వాళ్ల కౌండిన్య ఓడను కొబ్బరి తాడుతో కుట్టారు కదా, అట్లా కుట్టుకుంటే పలకలు పగలకుండా ఉంటాయా? ఊళ్లో అందరూ పుట్టి ఒకటి కొనుక్కోరాదా అంటున్నారు గాని, ఆ నీళ్ల మీద తెల్లగుడ్డ ఎత్తి గాలికి పోవాలని నా కోరిక. తెలిసినవాళ్లు చెప్పండి.

తాళ్లరేవు_పాతమేస్త్రి

బాబూ, మీ నాన్నగారి పని బాగుండబట్టే పడవ పగిలిందండి. తలుపుకు ఎంత బిగువుంటే అంత అందం, పడవకు అలా కాదు. మీ కర్నూలు ఏప్రిల్ ఎండకు కొయ్యలో ఉన్న తేమంతా పోయి పలక సన్నబడిపోయి ఉంటుంది. అప్పుడు కొలిచి, అప్పుడే బిగించి, సందులో రాయిలాంటి జిగురు పెట్టారు. నీళ్లలో దించగానే పలక తాగుతుంది, అడ్డంగా పెరుగుతుంది. పక్కకు జరగడానికి చోటు లేదు, జిగురు నలగదు, ఇంక పైకి లేవాలి లేదా లోపలి కొయ్యను చీల్చాలి. రెండూ చేసింది. ఉబ్బే కొయ్యను ఏ మేకూ ఆపలేదండి, రాళ్లు పగలగొట్టడానికి పూర్వం ఎండు కొయ్య చీలలు దిగ్గొట్టి నీళ్లు పోసేవారు, అదే బలం.

మా తాళ్లరేవు, కోరంగి వైపు కొయ్య ఓడలు కట్టే పని ఏటి పక్కనే జరుగుతుంది. గాలిలోనే తేమ ఉంటుంది, పలక మరీ ఎండిపోదు. మీకు ఆ వీలు లేదు కాబట్టి పలకలను నీడలో, గాలి ఆడేలా, మధ్యమధ్య పుల్లలు పెట్టి పేర్చి, తడి గోనెలు దగ్గర్లో ఉంచండి. పని ఏప్రిల్‌లో వద్దు, వానలు మొదలయ్యాక చేయండి.

పలక కొనేటప్పుడు చివర కోత చూడాలి. ఏళ్ల గీతలు, అంటే చెట్టు ఏటేటా పెరిగిన వలయాల గీతలు, పలక మందంలో నిలువుగా నిలబడి ఉంటే అది తక్కువ ఉబ్బుతుంది, పడుకుని ఉంటే దాదాపు రెట్టింపు ఉబ్బుతుంది. నిలువు గీతలవి అడుగుకు వాడండి, మిగతావి పైవరసకు. వెడల్పు 5 అంగుళాలు దాటనివ్వకండి, వెడల్పాటి పలక చూడముచ్చటగా ఉంటుంది గాని జరిగేదీ అదే.

సందు సంగతి. లోపలి అంచులు ఒకదానికొకటి తగలాలి, బయటి అంచులు మాత్రం రెండు మూడు మిల్లీమీటర్లు విచ్చుకుని ఉండాలి, అంటే చిత్రికతో బయటి మూలను కాస్త తీసేయాలి. ఆ సందులో దూదిని వదులుగా పేని, మొండి ఉలితో కొట్టి కూరాలి. మరీ దిట్టంగా కాదు, వేలితో నొక్కితే కొంచెం లొంగాలి. పైన గుగ్గిలం పొడి నూనెలో కాచి పూస్తాం. ఆరుబయట, సన్నటి మంట మీద కాచండి, మండితే ఆగదు. పడవ నీళ్లలో దించాక రెండు మూడు రోజులు కారుతుంది. కారనివ్వండి, కంగారు పడి పైన ఏదీ పూయొద్దు. పలకలు తాగి ఆ దూదిని నొక్కేసరికి కారడం తనంతట తనే ఆగిపోతుంది.

కుట్టడం మంచి విద్యే. కౌండిన్యను అజంతా బొమ్మ చూసి, మేకు లేకుండా, కేరళ పనివాళ్లు కుట్టారు, 2025 మే 21న కార్వార్‌లో నేవీలో చేర్చుకున్నారు. కానీ కొబ్బరి పీచు ఉప్పునీటికి ఆగినట్టు మంచినీటికి ఆగదు, కుట్టు పడవను విప్పి మళ్లీ కుట్టే పని వస్తూనే ఉంటుంది. మీకు రాగి మేకులే నయం. తుమ్మలో ఇనుము పెడితే మేకు చుట్టూ కొయ్య నల్లబడిపోతుంది, కొన్నాళ్లకు మేకూ పోతుంది కొయ్యా పోతుంది. పాత పడవలో మేకు లాగి చూడండి, ఈపాటికే నలుపు మొదలై ఉంటుంది.

అనంతపురం_గాలి

పుట్టి కొనమన్నవాళ్లకు ఒకటి చెప్పు తమ్ముడూ. పుట్టి మన తుంగభద్రకు తగ్గది, 16వ శతాబ్దంలో విజయనగరం చూడ్డానికొచ్చిన పోర్చుగీసు వ్యాపారి పేయిస్ కూడా దాని గురించి రాశాడు, బుట్టలా గుండ్రంగా ఉంటుంది, బయట తోలు, ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది అని. దానికి ముందు వెనక లేదు కాబట్టి గుడ్డ కట్టినా అది ఎటు పోవాలో దానికే తెలియదు. తెరచాపకు పొడవు కావాలి, నీళ్లను పక్కనుంచి అడ్డుకునే పలక కావాలి.

నేను సొంతంగా 12 అడుగులది కట్టి మా చెరువులో మూడేళ్లు తిప్పాను, చెరువు ఎండిపోయాక ఆపేశాను. నేను చేసిన పెద్ద తప్పు తెరచాప. ఎక్కువ గుడ్డ ఉంటే ఎక్కువ వేగం అనుకుని 90 చదరపు అడుగులు కట్టాను, ఒక మబ్బు ముందు గాలికి పడవ ఒరిగి నీళ్లు మింగింది. ఈత వచ్చు కాబట్టి బయటపడ్డాను. నీ 14 అడుగులకు 60 చాలు, పైగా గాలి పెరిగితే కింది మూరెడు గుడ్డ చుట్టి కట్టేసే తాళ్లు పెట్టు. మొదటి చాప కోసం కాన్వాసు కొనొద్దు, టార్పాలిన్ కత్తిరించి రెండు వరసల కుట్టు వేయించి తిప్పి చూడు, ఆకారం నచ్చాక గుడ్డకు పో. స్తంభానికి సరుగుడు బాదు 13 అడుగులది వెతుకు, సెంట్రింగ్ సామాను అమ్మేచోట దొరుకుతుంది, నిటారుగా ఉన్నది ఏరుకో. ఆలస్యమైనా ఓపిక పట్టు, వంకర బాదుతో నేను పడిన టెన్షన్ నీకు వద్దు. కూర్చునే పలకల కింద మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ డబ్బాలు కట్టు, పడవ నిండినా మునగదు. లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కకు, నాన్నకు కూడా.

ముచ్చుమర్రి_వలకాడు

అబ్బీ, ఈ నీళ్లు నాకు తెలుసు. డ్యాం నిండితే నీటిమట్టం సముద్రమట్టానికి 885 అడుగులు, ఎండాకాలానికి ఎంతో దిగిపోతుంది, సంగమేశ్వరం గుడి బయటపడేది అప్పుడే. దిగేటప్పుడు పాత ఊళ్ల గోడలు, చెట్ల మోళ్లు జానెడు నీళ్ల కింద దాక్కుని ఉంటాయి. గుండ్రటి అడుగు, కింద పొడవాటి పలక ఉంటే అక్కడే ఇరుక్కుంటావు. చదును అడుగు చెయ్. గాలికి పక్కకు జారకుండా పలక కావాలంటే పడవ పక్కన తాడుతో వేలాడదీయి, మోడు తగిలితే అదే పైకి లేస్తుంది. చుక్కాని కూడా వెనక శీలలకు బిగించొద్దు, పొడుగాటి తెడ్డే చుక్కాని చేసుకో, పెద్ద కౌండిన్యకే తెడ్లు పెట్టారు.

గుడిలోది వేపకొయ్య లింగం అని మా పెద్దోళ్లు చెప్తారు, ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్లలోనే ఉంటుంది. కొయ్య నీళ్లలోనే ఉంటే నిలుస్తుంది, తడిసి ఆరి మళ్లీ తడిసే చోటే కుళ్లుతుంది. నీ పడవలో అది నీటి గీత దగ్గర, లోపల అడుగున నీళ్లు నిలిచే మూల. ఆ రెండు చోట్ల రోజూ చేత్తో తడిమి చూడు. ఎండాకాలం ఒడ్డున పెడితే తడి గోనెలు కప్పు, లేకుంటే మళ్లీ మొదటికొస్తుంది. టేకు మాత్రం డిపోలో బిల్లుతో కొను, నల్లమల వైపు చూడకు. పడవ అయ్యాక పంచాయతీలో చెప్పి రాయించుకో, టైగర్ రిజర్వ్ వైపు గట్టుకు పోవద్దు.

సంగమేశ్వరం_దారి

ఇన్ని సంగతులు చెప్పినందుకు చేతులెత్తి దండం పెడుతున్నా. మేస్త్రిగారు రాసిందంతా నాన్నకు చదివి వినిపించాను. ఆయన లేచి పాత పలకల్లోంచి రెండు ముక్కలు కోశాడు, ఒకదానికి గీతలు నిలబడి ఉన్నాయి, ఇంకోదానికి పడుకున్నాయి. రెండూ 120 మిల్లీమీటర్ల వెడల్పుకు సమానంగా చిత్రిక పట్టి గాబులో వేసి పైన రాయి పెట్టాడు. నాలుగో రోజు తీసి కొలిస్తే నిలువు గీతలది 121న్నర, పడుకున్నది 123. నాన్న పెన్సిల్‌తో ఆ అంకెలు గోడ మీద రాసుకున్నాడు. పాత పడవలో ఒక మేకు కూడా లాగాను, చుట్టూ గోరంత నలుపు ఉంది.

పడవ అడుగు వెడల్పు మూడున్నర అడుగులు అనుకుంటున్నాం, తెరచాప 60 చదరపు అడుగులే. కొయ్య పన్నెండు సీఎఫ్‌టీ (ఘనపుటడుగులు) దాకా పడుతుందని నాన్న లెక్క కట్టాడు. జులైలో రెండు వానలు పడ్డాక మొదలుపెడతాం. మేస్త్రిగారూ, దూది పేనేటప్పుడు ఎన్ని పోగులు కలపాలో ఒకసారి చెప్తారా? చిటికెన వేలు లావు సరిపోతుందా, ఇంకా సన్నగానా?